శిక్ష ముగియని పుట్టుక

కొత్తపేటలో అద్దె ఇల్లు చూడబోతే యజమాని సొంతూరు అడిగారు. స్టువర్టుపురమన్నాను. ఇవ్వబోయిన తాళంచెవి మళ్లీ ఆయన జేబులోకే వెళ్లిపోయింది.

ఆ రోజుల్లోనే హైతీ మూలాలున్న అమెరికా రచయిత్రి ఎడ్విజ్ డాంటికా ‘ది డ్యూ బ్రేకర్’ (2004) చదివాను. అందులోని ‘నైట్ టాకర్స్’ కథలో క్లాడ్ అనే యువకుడు అమెరికాలో కన్నతండ్రిని చంపి జైలుకు వెళతాడు. తర్వాత అతన్ని, భాష కూడా సరిగా రాని హైతీకి తిప్పి పంపుతారు. అతని నేరం తెలిసి కూడా అక్కడి కొండపల్లె అతన్ని అక్కున చేర్చుకుంటుంది.

తండ్రిని చంపినవాడికే ఒక పల్లె చోటిచ్చింది. మరి ఏ నేరమూ చేయని ఎరుకల బిడ్డకు మన నగరం ఇస్తున్నదేమిటి? 1871 నాటి నేరజాతుల చట్టం పుట్టుకనే నేరంగా లెక్కగట్టింది. 1913లో ఏర్పడిన స్టువర్టుపురం సెటిల్‌మెంటులో, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో మా పెద్దలు బతికారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ స్థానంలో వచ్చిన అలవాటు నేరస్థుల చట్టాలు పాత అనుమానాన్ని చావనివ్వలేదు.

క్లాడ్ పశ్చాత్తాపానికి ఒక నేరముంది. నేను దేనికి పశ్చాత్తాపపడాలి? ముందు ఆ చట్టాలు పోవాలి. తాళంచెవి పట్టుకున్న చేతులు మారాలి.