‘ఎవరికేశావ్?’ అని అడిగితే చెప్పాల్సిందేనా?.. వేలి సిరా నుంచి 2 రూపాయల ఛాలెంజ్ దాకా.. ఎన్నికల వేడిలో తెలుసుకోవాల్సిన ముచ్చట్లు

ఎన్నికలొచ్చాయంటే చాలు.. ఊళ్లో టీ కొట్టు దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ దాకా ఒకటే రచ్చ. నిన్నటిదాకా గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు, నీళ్ల ట్యాంకర్ గోలతో నడిచిన గ్రూప్‌ను అడ్మిన్ ఉన్నట్టుండి లాక్ చేసేస్తాడు. పెళ్లి భోజనాల దగ్గర బావాబావమరుదులు పార్టీల పేరుతో మాటా మాటా అనుకుని, పెరుగన్నం దాకా ఉండకుండానే లేచిపోతారు. పోలింగ్ అయిపోయాక కూడా వేడి తగ్గదు. ‘ఏం బావా.. ఇంతకీ ఎవరికేశావ్?’ అన్న ఒక్క ప్రశ్నతో మళ్లీ మొదలు!

అసలు ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలా? చెప్పకపోతే ఎవరైనా కనిపెట్టగలరా? ఈ హడావుడిలో చాలామందికి వచ్చే చిన్న చిన్న సందేహాలు ఇంకా ఉన్నాయి. వేలికి పూసే సిరా ఎందుకు పోదు? ఇద్దరికీ సమానంగా ఓట్లొస్తే ఏం చేస్తారు? మన ఓటు ముందే ఎవరో వేసేస్తే పరిస్థితి ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

వేలి మీద సిరా.. ఎందుకు పోదంటే?

మన చూపుడు వేలికి పూసే సిరా కర్ణాటకలోని మైసూరు నుంచి వస్తుంది. 1937లో మైసూరు మహారాజు హయాంలో మొదలైన ఫ్యాక్టరీ ఇది. ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ సంస్థ. పేరు మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్ లిమిటెడ్. 1962 సాధారణ ఎన్నికల నుంచి దేశం మొత్తానికి సిరా ఇక్కడి నుంచే వెళ్తోంది. పలు విదేశాలకూ ఎగుమతి చేస్తున్నారు. 2024 లోక్‌సభ ఎన్నికల కోసమే 26 లక్షలకు పైగా సీసాలు సిద్ధం చేశారు.

ఇందులో అసలు సరుకు సిల్వర్ నైట్రేట్. చర్మం మీద ఉండే ఉప్పుతో ఇది కలిసి సిల్వర్ క్లోరైడ్‌గా మారుతుంది. వెలుతురు తగిలేకొద్దీ నల్లబడుతుంది. నీళ్లలో కరగదు కాబట్టి సబ్బుతో ఎంత రుద్దినా పోదు. చర్మం పై పొర ఊడిపోయి కొత్తది రావాలి, గోరు పెరిగి కత్తిరించాలి.. అప్పుడే పోతుంది. చర్మం మీద కొన్ని రోజులే ఉన్నా, గోటి మీద మాత్రం వారాల తరబడి కనిపిస్తుంది.

ఎడమచేయి చూపుడు వేలు లేనివాళ్ల సంగతేంటి? రూల్స్‌లో దానికీ సమాధానం ఉంది. ఎడమ చేతికి ఏ వేలుంటే ఆ వేలికి పూస్తారు. అదీ లేకపోతే కుడి చేతికి. అసలు వేళ్లే లేకపోతే చేయి చివర పూస్తారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ సిరా మీరు ఓటేశారన్న సంగతి మాత్రమే చెబుతుంది. ఎవరికి వేశారో చెప్పదు. ఏ పార్టీ మనిషికైనా అదే సిరా, అదే గీత.

పేరు చెప్పనందుకు 28 లక్షల ఓట్లు పోయాయి!

దేశంలో తొలి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. దాదాపు 17 కోట్ల మందికి పైగా ఓటర్లు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. అందుకే ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. నచ్చిన డబ్బాలో చీటీ వేసి రావడమే.

అప్పుడే ఓ వింత సమస్య వచ్చింది. ఓటర్ల లిస్టు రాయడానికి ఇళ్లకు వెళ్లిన సిబ్బందికి చాలాచోట్ల, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ‘ఫలానావారి భార్య’ అని, ‘ఫలానావారి తల్లి’ అని రాయించుకున్నారు. పరాయివాళ్లకు పేరు చెప్పడం తప్పని అప్పటి ఆచారం. ఓటు వ్యక్తిది, కుటుంబానిది కాదు కాబట్టి సొంత పేరు ఉండాల్సిందేనని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. చివరికి దాదాపు 28 లక్షల మంది మహిళల పేర్లు లిస్టు నుంచి తీసేయాల్సి వచ్చింది. తర్వాతి ఎన్నికల నాటికి పరిస్థితి మెరుగుపడింది.

‘మా ఇంట్లో ఓట్లన్నీ మీకే అన్నా’ అని ఇంటి పెద్ద హామీ ఇవ్వడం ఇప్పటికీ చూస్తుంటాం. లెక్క ప్రకారం ఆయన హామీ ఇవ్వగలిగింది ఒక్క ఓటుకే!

కారా? రోడ్డు రోలరా?

గుర్తుల గొడవ మాత్రం ఇప్పటికీ తెగలేదు. తెలంగాణలో కారు గుర్తుకు రోడ్డు రోలర్, చపాతీ రోలర్ లాంటి గుర్తులు దగ్గరగా ఉన్నాయని, పెద్దవాళ్లు పొరబడుతున్నారని బీఆర్ఎస్, అంతకుముందు టీఆర్ఎస్‌గా ఉన్నప్పటి నుంచీ ఫిర్యాదు చేస్తూనే ఉంది. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానాన్ని ఆ పార్టీ 5 వేల పైచిలుకు ఓట్లతో కోల్పోయింది. అక్కడ రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. అవన్నీ పొరపాటున పడ్డవేనా అంటే ఎవరూ తేల్చలేరు. ఆ ఓట్లు వేసినవాళ్లెవరో ఎవరికీ తెలియదు కాబట్టి!

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో గాజు గ్లాసు మీద ఇలాంటి గొడవే నడిచింది. జనసేన పోటీలో లేని కొన్ని చోట్ల ఇండిపెండెంట్లకు ఆ గుర్తు కేటాయించడంతో పంచాయితీ కోర్టు దాకా వెళ్లింది.

185 మంది అభ్యర్థులు.. వరసగా 12 మిషన్లు

2019లో నిజామాబాద్ లోక్‌సభ బరిలో 185 మంది నిలబడ్డారు. అందులో 178 మంది రైతులు. పసుపు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర రావట్లేదన్న కోపంతో నామినేషన్లు వేశారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి. అంటే పోలింగ్ బూత్‌లో 12 యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది.

అంతకుముందు 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికైతే ఏకంగా 480 మంది! తాగునీటిలో ఫ్లోరైడ్‌తో కాళ్లూ చేతులూ వంకర్లు పోతున్నా పట్టించుకోవడం లేదన్న నిరసన అది. బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకంలా తయారైంది. అప్పట్లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాదే దాన్ని 10 వేలకు పెంచారు. ఇప్పుడు 25 వేలు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు పోయినట్టే.

ఒక్క ఓటేగా అనుకుంటున్నారా?

‘మన ఒక్క ఓటుతో ఏమవుతుందిలే’ అనేవాళ్ల కోసం కొన్ని లెక్కలు..

* 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్లిలో 40,752 - 40,751. ఒక్క ఓటుతో గెలుపు.
* 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో 62,216 - 62,215. ఓడింది ముఖ్యమంత్రి రేసులో ఉన్న కాంగ్రెస్ నేత సీపీ జోషి.
* 1989లో మన అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది కేవలం 9 ఓట్లతో.
* 2019లో విజయవాడ సెంట్రల్‌లో తేడా 25 ఓట్లు. అదే సీట్లో 2024కు వచ్చేసరికి తేడా 68 వేలు దాటింది.
* 2023లో చేవెళ్లలో 268, 2024లో మడకశిరలో 351 ఓట్ల తేడా.

మరి ఇద్దరికీ సమానంగా వస్తే? చట్టం ప్రకారం చీటీ తీస్తారు. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్లకు ఒక ఓటు ఎక్కువ వచ్చినట్టు లెక్క. 2017లో ముంబై కార్పొరేషన్ ఎన్నికల్లో ఓ వార్డులో బీజేపీ, శివసేన అభ్యర్థులకు చెరో 5,946 ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా మారలేదు. చివరికి చీటీలో బీజేపీ అభ్యర్థి పేరొచ్చింది. మన పంచాయతీ ఎన్నికల్లోనూ ఇలా చీటీతో సర్పంచ్ అయినవాళ్లున్నారు.

మన ఓటు వేరేవాళ్లు వేసేస్తే?

బూత్‌కు వెళ్లేసరికి ‘మీ ఓటు పడిపోయింది’ అన్నారనుకోండి. గొడవపడి వెనక్కి రానక్కర్లేదు. మీరే అసలు ఓటరని రుజువైతే ‘టెండర్డ్ ఓటు’ ఇవ్వాల్సిందే. బ్యాలెట్ పేపర్ ఇస్తారు. దాన్ని వేరే కవర్‌లో పెట్టి సీల్ చేస్తారు. మామూలు కౌంటింగ్‌లో దీన్ని లెక్కపెట్టరు. కేసు కోర్టుకెళ్తే మాత్రం పనికొస్తుంది.

ఎదురుగా దొంగ ఓటరు కనిపిస్తే పోలింగ్ ఏజెంట్ ఛాలెంజ్ చేయొచ్చు. దానికి ఫీజు ఎంతో తెలుసా? అక్షరాలా 2 రూపాయలు! ఆరోపణ నిజమైతే డబ్బు తిరిగిస్తారు. ఊరికే సతాయించడానికి చేశారని తేలితే ఆ 2 రూపాయలు పోతాయి.

ఇంతకీ.. ఎవరికేశామో తెలిసిపోతుందా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈవీఎంలో మీ పేరు గానీ, మీ ఓటరు నంబర్ గానీ ఎక్కదు. వీవీప్యాట్‌లో కనిపించే స్లిప్ మీద ఉండేది అభ్యర్థి నంబర్, పేరు, గుర్తు. 7 సెకన్లు కనిపించి లోపలున్న డబ్బాలో పడిపోతుంది. దాని మీదా మీ ఆనవాలు ఏదీ ఉండదు. కాబట్టి ‘నువ్వు ఎవరికేశావో మాకు తెలిసిపోతుంది’ అని ఎవరైనా బెదిరిస్తే.. అది ఉత్త మాట.

కానీ ఒక్క చిక్కుంది. కౌంటింగ్ బూత్‌ల వారీగా జరుగుతుంది. ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో తర్వాత అందరికీ తెలుస్తుంది. 2024లో ఏపీలో 46,389 పోలింగ్ కేంద్రాలుంటే ఓటర్లు సుమారు 4.14 కోట్లు. అంటే బూత్‌కు సగటున 900 మంది. ఆ 900లో మీరెవరికి వేశారన్నది తెలియదు గానీ, ‘ఆ కాలనీ మాకు వేయలేదు’ అన్నది మాత్రం తెలిసిపోతుంది. రోడ్డు, కుళాయి, పింఛను విషయంలో జనం భయమంతా అక్కడే.

అరుణాచల్ ప్రదేశ్‌లోని మాలోగామ్‌ను చూస్తే ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. అక్కడ ఉన్నది ఒకే ఒక్క మహిళా ఓటరు. 2019లో, 2024లో ఆమె కోసం సిబ్బంది మిషన్ మోసుకుని కొండలెక్కి నడిచి వెళ్లారు. ఒక్క ఓటు కోసం ఇంత కష్టపడటం గొప్పే. కానీ ఒక్కరే ఓటేసే చోట బూత్ లెక్క బయటపడితే ఓటు బయటపడినట్టే కదా!

బ్యాలెట్ పేపర్ల రోజుల్లో ఇలాంటి భయం ఉన్నచోట వేర్వేరు బూత్‌ల బ్యాలెట్లను కలిపేసి లెక్కపెట్టే వీలుండేది. ఈవీఎంలకూ అలాంటి ఏర్పాటు కావాలని, 14 బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే ‘టోటలైజర్’ యంత్రం వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా అదే చెప్పింది. కేంద్రం మాత్రం ఒప్పుకోలేదు. ఏ బూత్‌లో ఎన్ని వచ్చాయో తెలిస్తే పార్టీలు వెనకబడిన చోట బాగా పనిచేస్తాయన్నది ఆ వైపు వాదన.

పోలింగ్ అయ్యాక మొదలయ్యే అసలు పరీక్ష

2024 మే 13న ఏపీలో పోలింగ్ ఎలా జరిగిందో గుర్తుందిగా! హైదరాబాద్ - విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర సొంతూళ్లకు వెళ్లే కార్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి. కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటాక కూడా ఓటేశారు. మొత్తం మీద 81.86 శాతం పోలింగ్. ఒకరకంగా పండగే.

కానీ పోలింగ్ రోజున, ఆ తర్వాత కూడా పల్నాడు, తాడిపత్రి, చంద్రగిరిలో దాడులు జరిగాయి. 144 సెక్షన్ పెట్టారు. సిట్ వేశారు. ఫలితాలొచ్చాక కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలోనే ఉంచాల్సి వచ్చింది. ఊళ్లలో ఇలాంటప్పుడు ‘వీడు మనకు వేయలేదు’ అన్న అనుమానం ఒక్కటి చాలు, ఇంటి మీదకు రావడానికి. నిజంగా ఎవరికి వేశాడో ఎవరికీ తెలియదు. తెలిసే దారీ లేదు.

అందుకే ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 సెక్షన్ 94 సూటిగా చెబుతోంది.. ఎవరికి ఓటేశావో చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. బూత్‌లో డ్యూటీ చేసే సిబ్బంది, ఏజెంట్లు రహస్యం బయటపెడితే సెక్షన్ 128 కింద జైలు శిక్ష కూడా ఉంటుంది. చూపు లేక, ఒంట్లో శక్తి లేక తోడు తెచ్చుకునే ఓటరు విషయంలోనూ అంతే. ఆ తోడు వచ్చినవాళ్లు రహస్యం కాపాడతామని రాసివ్వాలి. పైగా ఒక మనిషి ఆ రోజు ఒక్కరికి మాత్రమే తోడుగా వెళ్లాలి.

కాబట్టి ఈసారి బావగారో, ఎదురింటి అంకులో, పార్టీ కార్యకర్తో ‘ఎవరికేశావ్?’ అని అడిగితే చెప్పడం, చెప్పకపోవడం పూర్తిగా మీ ఇష్టం. ఊళ్లో వాతావరణం బాగోలేదనిపిస్తే నవ్వేసి, సిరా చుక్క చూపించి ఊరుకోండి. ఎవరైనా బెదిరించి అడిగితే మాత్రం ఊరుకోవద్దు. 1950కి ఫోన్ చేయండి. అది ఓటర్ల హెల్ప్‌లైన్. లేదంటే ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లూ సీ-విజిల్ యాప్‌లో ఫొటోనో వీడియోనో పంపొచ్చు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టకుండా ఉండే వీలు అందులో ఉంది.