పీర్ల పాట నిలవాలంటే రాసుకోవాలి, పాడించాలి

మొహర్రం నెల వచ్చిందంటే మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో పీర్ల చావిళ్లు తెరుచుకుంటాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలోనే ఉండేది. అందుకే ఇక్కడి పీర్ల పండుగలో రాయలసీమ పోలికలు కనిపిస్తాయి.

క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ అమరులైన కథను ఇక్కడి జనం తెలుగులోనే పాడుకుంటారు. డప్పు దరువుకు గుండం చుట్టూ అడుగులేస్తూ ముస్లింలు, హిందువులు కలిసి గొంతు కలుపుతారు.

చిక్కేమిటంటే, ఈ పాటల్లో చాలావరకు పుస్తకాల్లో లేవు, పెద్దల నోళ్లలోనే ఉన్నాయి. ఏడాదికి పది రోజులే పాడతారు కాబట్టి పిల్లలు నేర్చుకునే అవకాశమూ అంతే. పనుల కోసం ఊరు వదిలినవాళ్లకు అదీ దొరకదు. పీర్లను ఎత్తడం ధర్మసమ్మతం కాదనేవాళ్లూ మనలో ఉన్నారు. ఆ చర్చ వేరు. పాట మాత్రం తాతల నాటి తెలుగు ముస్లిం జీవితానికి సాక్ష్యం. అది పోతే తిరిగి రాదు.

పుస్తకం, వేదిక రెండూ తోడైతే ఏం జరుగుతుందో షేక్ నాజర్ జీవితమే చెబుతుంది. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టిన ఆయన బుర్రకథను ఊరూరా వినిపించారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆట, పాట వేదికపై బతికితే, ఆయన బతుకు ‘పింజారి’ అనే ఆత్మకథలో నిలిచింది. తర్వాత 2004లో స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ముస్లిం కథల సంకలనం ‘వతన్’, 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం పొందిన వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ మన ఇళ్ల మాటలను, ఆచారాలను అచ్చులోకి తెచ్చాయి.

పీర్ల పాటకూ ఇదే దారి. రాత ఒక్కటే అయితే మాట మిగులుతుంది గానీ బాణీ, దరువు, అడుగు మిగలవు. ఒట్టి రికార్డింగే అయితే పాత మాటల అర్థం తెలియకుండా పోతుంది. కాబట్టి పాడేవాళ్లను అడిగి, వాళ్లు సరేనంటే ఫోన్లో రికార్డు చేయాలి. పాడినవారి పేరు, ఊరు, ఏ రోజు ఏ సందర్భంలో పాడతారో పక్కన రాసుకోవాలి. అర్థం కాని మాటలను అప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాత పిల్లల చేత పాడించాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. వచ్చే మొహర్రానికి ఊరికో ఇద్దరు కుర్రాళ్లు పూనుకుంటే చాలు.