కేకు మనింట్లో... కేక వీధంతా!

"సినిమా ఎలా ఉందిరా?" అని అడిగితే "కేక!" అంటున్నారు ఇప్పటి కుర్రకారు. 2012లో 'గబ్బర్ సింగ్' వచ్చినప్పుడైతే ఏ సందులో చూసినా 'కెవ్వు కేక'లే! అయితే ఈ వారం మనం చెప్పుకోబోయేది ఆ కేక గురించి కాదు. దాని చివర ఓ కొమ్ము తగిలించి చదవండి... ఆఁ, అదీ! కేకు గురించి.

పాత సినిమాల్లో పుట్టినరోజు సీను గుర్తుందిగా? పెద్ద బంగళా, మెలికలు తిరిగిన మెట్లు, రంగురంగుల బెలూన్లు. హీరోగారు సూటు తొడుక్కుని పియానో ముందు కూర్చుంటారు. హీరోయిన్ సిగ్గుపడుతూ మెట్లు దిగుతుంది. మధ్యలో బల్ల మీద మూడంతస్తుల కేకు! ఆ రోజుల్లో నేల టిక్కెట్టులో కూర్చుని చూసే మాలాంటి వాళ్లకి, కేకు అనేది బంగళాలూ పియానోలూ ఉన్నవాళ్ల వస్తువు. దాన్ని ఎవరు చేశారో, ఎక్కడ చేశారో ఒక్క సినిమాలో అయినా చూపించిన జ్ఞాపకం నాకు లేదు.

చేసేది మనలాంటి వాళ్లేననీ, మామూలు గ్యాసు పొయ్యి మీదేననీ తెలిసింది 2020 ఏప్రిల్‌లో!

థియేటర్లు బంద్... వంటిల్లు హౌస్‌ఫుల్!

లాక్‌డౌన్ రోజులు. సినిమా హాళ్లకు తాళాలు. మా రాజమండ్రిలో బేకరీలకూ తాళాలే. సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి పదో పుట్టినరోజు వచ్చింది. కొత్త గౌను లేదు, స్నేహితులు రారు, కేకూ లేదు. పిల్ల ఏడవలేదు గానీ మాట్లాడటం మానేసింది. అదింకా కష్టం!

మా ఆవిడా నేనూ మొహామొహాలు చూసుకుంటుంటే మా అమ్మ అంది: "కేకంటే ఏమిట్రా? కింద నిప్పూ పైన నిప్పూ పెట్టి కాల్చేదేగా? మా అమ్మ దిబ్బరొట్టె అలాగే కాల్చేది."

నిజమే సుమండీ! మూకుడులో మినప్పిండి పోసి, మూతపెట్టి, ఆ మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చిన దిబ్బరొట్టె తిన్న గోదావరి జిల్లాల వాళ్లకి బేకింగ్ కొత్తేమీ కాదు. పేరు ఇంగ్లీషుదైతే పనీ ఇంగ్లీషుదే అనుకున్నాం, అంతే!

ఇలాంటి ధైర్యమే మనదేశంలో కేకు చరిత్రకు కూడా నాంది పలికిందంటారు. కేరళలోని తలశ్శేరిలో మాంబల్లి బాపు అని ఒక బేకరీ యజమాని ఉండేవాడు. 1883లో ఒక ఇంగ్లీషు తోట దొర విదేశీ కేకు ముక్క తెచ్చి రుచి చూపించి, "ఇలాంటిది క్రిస్మస్‌కు చెయ్యగలవా?" అన్నాడట. ఆ దొర చెప్పిన సరుకులన్నీ బాపు తేలేదు. జీడిమామిడి పండు సారా, మన అరటిపండు లాంటి స్థానిక సరుకులే వాడి, దొర మెచ్చే కేకు చేసిపెట్టాడని తలశ్శేరి వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఉన్నదాంతో చెయ్యడమే అసలు కిటుకు అన్నమాట!

స్క్రిప్టు ఇదిగో!

గుడ్డు అక్కర్లేదు, ఓవెన్ అక్కర్లేదు. రవ్వ కేకుకి కావలసినవి: సన్నని బొంబాయి రవ్వ 1 కప్పు, మైదా పావు కప్పు, పంచదార ముప్పావు కప్పు, కాస్త పులిసిన పెరుగు 1 కప్పు, నూనె గానీ కరిగించిన నెయ్యి గానీ పావు కప్పు, పాలు అర కప్పు, బేకింగ్ పౌడర్ 1 చెంచా, వంటసోడా పావు చెంచా, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. పైన చల్లడానికి టూటీ ఫ్రూటీ. (అదేదో విదేశీ పండు అనుకునేరు! మన పచ్చి బొప్పాయి ముక్కలే. పంచదార పాకంలో ఊరి, రంగు మేకప్ వేసుకుని వస్తాయి.)

ఇక తారాగణం. ఇక్కడ అందరికీ వేషాలున్నాయి, ఎవరూ ప్రేక్షకులు కారు. పంచదార, పెరుగు, నూనె కలిపి గిలకొట్టడం నాన్నగారి వంతు. రవ్వ, మైదా కొలిచి జల్లించడం అన్నయ్యది. గిన్నెకు నూనె రాసి పిండి చల్లడం చెల్లెలిది. యాలకులు దంచడం నాయనమ్మది. పొయ్యి దగ్గర మాత్రం పెద్దవాళ్లే ఉండాలి. అక్కడ డూపులు పనికిరారు!

అన్నీ కలిపాక సగం పాలు పోసి అరగంట నాననివ్వండి. రవ్వ తడి పీల్చుకుని ఉబ్బుతుంది. ఆ తర్వాత మిగతా పాలు పోసి, ఇడ్లీపిండి అంత చిక్కగా వచ్చేలా చూసుకోండి. బేకింగ్ పౌడర్, సోడా మాత్రం పొయ్యి మీదికి ఎక్కించే ముందే కలపాలి. ఎందుకంటారా? పెరుగులో పులుపు సోడాకి తగలగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి. కేకు గుల్లగా పొంగేది వాటివల్లే. ముందే కలిపి తీరిగ్గా కూర్చుంటే ఆ బుడగలు కాస్తా గాలిలో కలిసిపోతాయి. హీరో ఎంట్రీకి ముందే చప్పట్లు అయిపోయినట్టన్నమాట!

షూటింగ్ మొదలు

ఒక పాత, మందపాటి అల్యూమినియం డేకిసా తీసుకోండి. అడుగున అంగుళం మందాన ఇసుక గానీ గళ్ల ఉప్పు గానీ పరవండి. ఇసుక కడిగి, బాగా ఎండబెట్టింది కావాలి. దానిమీద ఒక స్టాండు పెట్టి, మూతవేసి, మధ్యస్థమైన మంట మీద పది నిమిషాలు వేడిచెయ్యండి. పిండి పోసిన గిన్నె స్టాండు మీద పెట్టి, మళ్లీ మూతవేసి, మంట బాగా తగ్గించండి. గిన్నెలో సగానికి కొంచెం పైదాకానే పిండి ఉండాలి. అది పొంగుతుంది కదా! నలభై నుంచి యాభై నిమిషాలు పడుతుంది. ఓవెన్ ఉన్నవాళ్లయితే 180 డిగ్రీల దగ్గర ముప్పయి అయిదు నిమిషాలు.

ఒక్క హెచ్చరిక. చాలామంది ప్రెషర్ కుక్కర్‌లో చేస్తారు. వెయిటూ, మూతకుండే రబ్బరు రింగూ రెండూ తీసెయ్యకుండా ఆ పని ఎన్నడూ చెయ్యకండి. నీళ్లు లేకుండా కాగితే కుక్కర్ కూడా పాడవచ్చు. రోజూ అన్నం వండుకునే మంచి కుక్కర్ని బలిచేసేకన్నా పాత డేకిసాయే మేలు. కాగిన ఇసుక గంటయినా చల్లారదు. పిల్లల చెయ్యి అటు పోనివ్వద్దు, దానిమీద నీళ్లు పొయ్యొద్దు.

మొదటి రిలీజు ఫ్లాప్!

మా ఇంట్లో ఏమైందంటే... ఎదురింటి వాళ్లు ఇల్లు కట్టగా మిగిలిన గోదావరి ఇసుక అడిగి తెచ్చాం. అంతా సవ్యంగానే ఉంది. పావుగంట కాగానే నాకు ఆత్రం ఆగలేదు. మూత తీశాను. కేకు ముచ్చటగా ఉబ్బి ఉంది. "చూశారా!" అని మీసం మెలేసేలోపే నడిమధ్య గుంటపడిపోయింది!

తర్వాత తెలిసింది కారణం. బుడగల చుట్టూ ఉన్న పిండి వేడికి గట్టిపడి గోడల్లా నిలబడాలి. అలా నిలబడకముందే మూత తీస్తే వేడి జారిపోతుంది, బుడగలు కుంచించుకుపోతాయి, కప్పు కూలిపోతుంది. అరగంట దాటేదాకా మూత తియ్యకూడదు. ఆ తర్వాత సన్నటి పుల్ల గుచ్చి చూస్తే తడిపిండి అంటకుండా రావాలి.

ఆ గుంటను చూసి మా అమ్మాయి అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపెట్టేసింది. "నా బర్త్‌డే కూడా ఇలాగే అయిపోయింది" అంది.

నాకు నోట మాట రాలేదు. అమ్మ మాత్రం ఆ గుంటలోకి తొంగిచూసి, "ఒరేయ్, ఇందులో మీగడా బెల్లమూ పొయ్యి. గుంట ఎందుకు పడిందనుకున్నావు?" అంది! మళ్లీ మూతపెట్టి పూర్తిగా కాల్చాం. చల్లారాక గుంట నిండా మీగడ, బెల్లంకోరు వేశాం. దాని మీద టూటీ ఫ్రూటీ పడేసరికి పిల్ల కళ్లు తుడుచుకుంది.

క్లైమాక్స్

కొవ్వొత్తి వెలిగించబోతే అమ్మ అడ్డుపడింది. "శుభమా అని దీపం వెలిగించి, నోటితో ఆర్పడమేమిటే తల్లీ! వెలుగుతుండనీ." ప్రమిదలో దీపం పెట్టింది. ఆ వెలుగులో కత్తి పట్టుకున్న మా అమ్మాయి ఆగి అడిగింది: "నాయనమ్మా, నీ బర్త్‌డే ఎప్పుడు?"

"ఏమో! గోదారికి వరదొచ్చిన మర్నాడు పుట్టానంది మా అమ్మ. ఏ ఏడో, ఏ నెలో ఎవరు రాసిపెట్టారు?"

యాభై ఏళ్లొచ్చాయి నాకు. ఈ ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

"అయితే ఇవాళే నీది కూడా పెట్టేసుకో" అంది మా అమ్మాయి, కత్తి నాయనమ్మ చేతిలో పెడుతూ. "ఎన్నోది అనుకోవాలి?" అని అమ్మ అడిగితే, "పదే! నాతో సమానం" అంది. ఇద్దరూ కలిసి కోశారు. అడుగు కొంచెం మాడింది. అయినా ఒక్క ముక్క మిగల్లేదు.

థియేటర్లు తెరిచారు, బేకరీలు తెరిచారు. మూడంతస్తుల కేకులు ఇప్పుడు ఫోన్ చేస్తే ఇంటికొస్తాయి. అయినా మా ఇంట్లో ఆ రోజున డేకిసా దిగాల్సిందే. పెద్దగా పొంగినా, గుంటపడినా కేకు మీద పేర్లు మాత్రం రెండే.

మరి మీరు? ఈ ఆదివారం మార్నింగ్ షో టిక్కెట్లు దొరకలేదని దిగులుపడకండి. ఇంటిల్లిపాదికీ కాల్షీట్లు ఇచ్చి వంటింట్లోకి పిలవండి. కేకు కాలే నలభై నిమిషాలూ ఎవరూ ఎక్కడికీ వెళ్లలేరు. మూతా తియ్యలేరు. కాబట్టి మాట్లాడుకోండి. మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, ఎప్పుడు పుట్టావని.

శుభం!