పాత కాలువల మీద లేచిన ఫీనిక్స్

మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువును ఎవరు తవ్వించారో చెప్పడానికి శాసనం ఉంది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిందనీ, దాని పేరు ధర్మకీర్తి సముద్రమనీ ఆ రాయి చెబుతుంది. అదే కాలంలో అమెరికాలోని అరిజోనా ఎడారిలోనూ జనం నీళ్ల కోసం నేల తవ్వుతున్నారు. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. అయితే ఒక మహానగరానికి చోటు చూపించిందీ, పేరు తెచ్చిందీ వాళ్ల కాలువలే.

ఆ నగరం ఫీనిక్స్. ఏడాది మొత్తానికి అక్కడ పడే వాన సుమారు 20 సెంటీమీటర్లు. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్కరోజే 60 సెంటీమీటర్లకు పైగా కురిసిందంటే, అది ఎంత ఎండిన నేలో అర్థమవుతుంది. ఆ నేలకు ప్రాణం కొండల మీది నుంచి వచ్చే సాల్ట్ నది. హోహోకం అని పురావస్తు శాస్త్రవేత్తలు పిలిచే ప్రజలు ఇనుప పనిముట్లు లేకుండా, బరువు లాగే పశువులు లేకుండా ఆ నది నుంచి వందల మైళ్ల కాలువలు తీశారు. నేల వాలు చూసి నీళ్లు పారించి మొక్కజొన్న, చిక్కుడు, పత్తి పండించారు. 1450 ప్రాంతానికి వాళ్ల పెద్ద ఊళ్లు ఖాళీ అయ్యాయి. వరదలా, కరువులా, చౌడుబారిన పొలాలా, తగాదాలా అన్నది ఇంకా తేలలేదు.

నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1867లో జాక్ స్విల్లింగ్ అనే మాజీ సైనికుడు అటుగా వచ్చాడు. పూడిపోయిన కాలువల ఆనవాళ్లు చూశాడు. దగ్గర్లోని సైనిక స్థావరానికీ గని ఊళ్లకూ తిండిగింజలు, గుర్రాలకు గడ్డి కావాలి. ఆయన కంపెనీ పెట్టి, మనుషుల్ని కూడగట్టి తవ్వకం మొదలుపెట్టాడు. మరుసటి ఏడే పంట చేతికొచ్చింది.

ఇక ఊరికి పేరు కావాలి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేన వైపు నిలిచిన స్విల్లింగ్, ఆ సేనలోని ఒక సేనాని పేరిట స్టోన్‌వాల్ అందామన్నాడట. గుమ్మడికాయల ఊరనే అర్థంలో పంప్కిన్‌విల్ అన్నవారూ ఉన్నారు. చివరికి నిలిచింది డారెల్ డప్పా సూచన. ఇంగ్లండు నుంచి వచ్చిన ఈయనకు గ్రీకు గాథలతో బాగా పరిచయం. ఫీనిక్స్ అంటే మంటల్లో కాలి, తన బూడిదలోంచే మళ్లీ పుట్టే పక్షి. పాత నాగరికత శిథిలాల మీద కొత్త ఊరు అలాగే లేస్తుందన్నది ఆయన ఊహ. పక్క ఊరు టెంపీకి గ్రీసులోని లోయ పేరు పెట్టిందీ ఆయనే అంటారు.

1868 మే 4న ఆ పేరు అధికారిక రికార్డుకెక్కింది. 1881లో పురపాలక హోదా వచ్చింది, 1911లో సాల్ట్ నది మీద రూజ్‌వెల్ట్ డ్యాం పూర్తయింది. 2020 లెక్కల ప్రకారం జనాభా 16 లక్షలు. పక్కనే చాండ్లర్‌లో మన తెలుగు కుటుంబాలూ స్థిరపడ్డాయి.

డప్పా చెప్పిన కథ అందమైనదే కానీ అందులో ఒక లోపం ఉంది. అక్కడి మనుషులు బూడిద కాలేదు. హోహోకంలను తమ పూర్వీకులుగా భావించే అకిమెల్ ఓఓధం ప్రజలు పక్కనున్న గిలా నది ఒడ్డున వ్యవసాయం చేస్తూనే ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లు ఎగువన నీళ్లు మళ్లించుకోవడంతో వాళ్ల పొలాలు ఎండిపోయాయి, ఆకలి మొదలైంది. దశాబ్దాల పోరాటం తర్వాత 2004లో అమెరికా చట్టం వాళ్ల నీటి హక్కుల వివాదాన్ని పరిష్కరించింది.

పాత కాలువల ఆనవాళ్లను ఇప్పటికీ చూడగలిగే మ్యూజియం ఒకటి ఫీనిక్స్‌లో ఉంది. చాలాకాలం దాన్ని ప్యూబ్లో గ్రాండే అనే స్పానిష్ పేరుతో పిలిచారు. 2023లో నగర పాలక సంస్థ దానికి ఓఓధం భాషలోనే సెడవ్ వాకి అని పేరు మార్చింది.