కామారెడ్డి: బోరులో మట్టం పెరిగింది.. మరి నీళ్లు ఎన్ని ఉన్నట్టు?

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్కరోజే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు వాగులు పొంగాయి. మరి భూమిలోకి ఇంకింది ఎంత?

మంచు మెల్లగా కరిగే చలిదేశాల్లో నీరు నిదానంగా ఇంకుతుంది. ఇక్కడ కుంభవృష్టి చాలావరకు వాగుల పాలే. పైగా అడుగున గ్రానైట్. నీరు నిలిచేది రాయి మీది వదులు పొరలో, పగుళ్లలోనే.

లెక్క ఇలా వేస్తారు: వానలకు ముందు, తర్వాత మట్టం కొలిచి, ఆ తేడాను పొర నీరిచ్చే శాతంతో గుణిస్తారు. వదులు గ్రానైట్‌లో అది 3 శాతం దాకానే. అంటే మట్టం 5 మీటర్లు లేచినా చేరింది 15 సెంటీమీటర్ల నీరే!

యాసంగి వరికి దాదాపు 120 సెంటీమీటర్లు కావాలి. మడిలో నీరు కొంత తిరిగి ఇంకినా, ఎకరంలో చేరిన నీళ్లు ఎకరం వరికి చాలవు. బోరు నమ్ముకొని నాటు వేసేముందు ఈ లెక్క చూసుకోండి.