పెరటి భూమికి సత్తువ చేకూర్చుట

కూరగాయల దొడ్డికి నీరును, కొనుబడి యెరువును సమృద్ధిగా నిచ్చినను మొక్కలు గిడసబారుట పలుచోట్ల కానవచ్చును. అట్టి నేలలలో జీవపదార్థము క్షీణించియుండుట తఱచు. ఆకు, అలము, పేడ కుళ్లుటచే నేర్పడు నల్లని పదార్థము ఇసుకనేలలో తేమను నిలుపును. రేగడినేలను గుల్లపఱచి వేళ్లకు గాలి యందునట్లు చేయును. మన యెండలకిది త్వరగా తరిగిపోవును గావున ఏటేట చేర్చవలసినదే.

ఇందులకు కంపోస్టు మేలైన సాధనము. ఆల్బర్టు హోవార్డు దొర 1924 మొదలు 1931 వఱకు ఇండోరునందు పనిచేసి, చెత్త, పేడ, పశువుల మూత్రముతో తడిసిన మన్ను, బూడిద పొరలుగా పేర్చి కుళ్లబెట్టు పద్ధతిని రూపొందించెను. గుంట మూడడుగుల లోతు మించరాదు. చెత్త, పిండిన గుడ్డవలె చెమ్మగా నుండవలెను. నీరు నిలిచినచో గాలి యాడక దుర్గంధము పుట్టును. మూడు మారులు తిరుగవేసినచో సుమారు మూడు నెలలలో ఎరువు సిద్ధమగును.

ఎండుగడ్డిని, ఊకను విత్తుటకు ముందు నేరుగా మట్టిలో కలుపరాదు. వానిని కుళ్లించు సూక్ష్మజీవులు భూమిలోని నత్రజనిని తామే గ్రహించుటచే లేతమొక్కలు పసుపువారును. వానిని కంపోస్టులో వేయుటయో, మొక్కల మొదళ్ల చుట్టును పైని పఱచుటయో మేలు.

ఖాళీ మడులలో జనుమునుగాని జీలుగనుగాని చల్లి, పూత తొడుగు సమయమున, కాడ ముదురకమునుపే కలియదున్నవలెను. పిమ్మట రెండు మూడు వారములు మాగనిచ్చి నారు నాటవలెను.

చెఱువుమన్ను ఇసుకనేలకు మిక్కిలి మేలుచేయును. బంకరేగడికి దానివలన నంత ప్రయోజనము లేదు. అట్లే జిప్సము కారుచౌడునకు మందుగాని తెల్లచౌడునకు గాదు. తెల్లచౌడునందలి యుప్పును మంచినీటితో కడిగి మురుగుకాలువ ద్వారా వెడలింపవలెను. కావున ముందు మట్టిని పరీక్ష చేయించి, పిదపనే జిప్సము కొనవలెను. లేకున్న సొమ్ము వ్యర్థమగును.

చెఱువుమన్ను తోలించుట, జనుము విత్తనములు తెప్పించుట ఒంటరి రైతునకు భారము. పదిమంది సభ్యులు కలసినచో సులభము. అయినను ఎరువుకై ధనము వెచ్చించుటకు ముందు ప్రతి రైతును తన పశువుల కొట్టమున వృథాగా ఇంకిపోవు మూత్రమును, ఎండకెండి వానకు కొట్టుకొనిపోవు పెంటకుప్పను ఒకమారు చూచుకొనుట లెస్స. చేతనున్న సొత్తును కాపాడుకొనుటయే మొదటి లాభము.