రహదారికి పోలీసు అమరుడి పేరు: ఒక తీర్మానం చేసేదేమిటి, చేయనిదేమిటి?

బస్సులో వెళ్తున్నప్పుడు రోడ్డు పక్కన ఎవరిదో పేరున్న బోర్డు మీరు చూసే ఉంటారు. ఆ పేరు ఎవరు పెట్టారు? ఏ అధికారంతో పెట్టారు? శాసనసభల పనితీరు చదువుతున్న మీకు ఈ ప్రశ్న పనికివస్తుంది. శాసనసభ చేసేదంతా చట్టమే కాదని దీనితో సులువుగా బోధపడుతుంది. విధి నిర్వహణలో మరణించిన పోలీసు పేరును రహదారిలో ఒక భాగానికి పెట్టడం అమెరికాలో తరచుగా జరుగుతుంది. అందులో కాలిఫోర్నియా రాష్ట్రం పద్ధతిని పరిశీలిద్దాం.

ఆ రాష్ట్రంలో న్యూమన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి పోలీసు శాఖలో కార్పొరల్‌గా పనిచేసిన రోనిల్ సింగ్ ఫిజీలో పుట్టిన భారత సంతతివాడు. 2018 డిసెంబరు 26న, క్రిస్మస్ మరుసటి తెల్లవారుజామున, తాగి నడుపుతున్నాడన్న అనుమానంతో ఒక వాహనాన్ని ఆపాడు. ఆ డ్రైవరు కాల్పుల్లో చనిపోయాడు. అప్పటికి ఆయన కొడుకు అయిదు నెలల పసివాడు. ఆ ఊరి మీదుగా పోయే 33వ నంబరు రాష్ట్ర రహదారిలో కొంత భాగానికి ఆయన పేరు పెట్టారు. బోర్డును ఆవిష్కరించింది 2023 సెప్టెంబరులో. అంటే నాలుగేళ్లకు పైగా పట్టింది.

ఈ పేరు పెట్టినది చట్టం కాదు, ఉభయ సభల తీర్మానం. బిల్లు చట్టం కావాలంటే రెండు సభలూ ఆమోదించాక గవర్నరు ముందుకు వెళ్లాలి. ఈ తీర్మానానికి గవర్నరు సంతకం అవసరం లేదు. అయితే దానికి చట్టబలమూ లేదు. ఎవరినీ శిక్షించదు, ఎవరికీ హక్కు ఇవ్వదు, ఖజానా నుంచి పైసా కేటాయించదు. రోడ్ల శాఖను అది ఆదేశించదు, కోరుతుంది. పేరు పెట్టాక కూడా రహదారి నంబరు మారదు, ఇళ్ల చిరునామాలు మారవు. అక్కడి వాళ్లు దాన్ని 33వ నంబరు రోడ్డు అనే పిలుచుకుంటారు.

తీర్మానం పాఠం రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది ‘ఎందుకనగా’ అనే ధోరణిలో సాగే పేరాలు. ఆ అధికారి ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు ఉద్యోగంలో చేరాడు, ఎలా చనిపోయాడు, ఎవరిని వదిలి వెళ్లాడు అన్నవన్నీ వీటిలో ఉంటాయి. రెండోది ‘కావున తీర్మానించడమైనది’ అనే భాగం. రోడ్డు ఏ కూడలి నుంచి ఏ కూడలి వరకు అన్నది ఇందులో వస్తుంది. నా మట్టుకు మొదటి భాగమే అసలు స్మారకం అనిపిస్తుంది. బోర్డును కారులో వెళ్లేవాడు రెండు క్షణాల్లో దాటిపోతాడు. శాసనసభ రికార్డు మాత్రం వెతికినవాడికి ఎప్పటికీ దొరుకుతుంది.

ఇలాంటి ప్రతిపాదనలను పరిశీలించే శాసనసభ కమిటీ కొన్ని షరతులు పెట్టుకుంది. ఆ వ్యక్తికి ఆ ప్రాంతంతో సంబంధం ఉండాలి. తీర్మానం తెచ్చే సభ్యుల్లో కనీసం ఒకరు ఆ నియోజకవర్గానికి చెందినవారై ఉండాలి. స్థానికుల నుంచి వ్యతిరేకత ఉండకూడదు. పేరు పెట్టే భాగం అయిదు మైళ్లు మించరాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది డబ్బు సంగతి. బోర్డు ఖర్చు రాష్ట్ర ప్రభుత్వం భరించదు. విరాళాలు అందాకే రోడ్ల శాఖ బోర్డు నిలబెడుతుంది.

పాఠం చెప్పే రోజుల్లో ఒక విద్యార్థిని దీని మీద నన్ను నిలదీసింది. ‘ప్రభుత్వం కోసం ప్రాణం ఇచ్చినవాడి బోర్డుకు చందాలు వసూలు చేయాలా సార్?’ అని. ప్రతి పేరుకూ ఖజానా ఖర్చుపెడితే సభ్యులు పోటీపడి పేర్లు పెడతారన్నది ఈ నియమానికి చెప్పగల సమర్థన. అందులో న్యాయం ఉంది. కానీ వెనక సంఘమూ తోటివారూ లేని కుటుంబానికి అదే నియమం అడ్డంకి అవుతుందన్న ఆ అమ్మాయి మాటా కొట్టివేయదగినది కాదు. నేను ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఇక ఆలస్యం సంగతి. 1970 ఏప్రిల్ 5 అర్ధరాత్రి వేళ, లాస్ ఏంజిలిస్‌కు ఉత్తరాన న్యూహాల్ దగ్గర, కాలిఫోర్నియా హైవే పెట్రోల్ అధికారులు నలుగురు కొద్ది నిమిషాల వ్యవధిలో హతులయ్యారు. వాల్టర్ ఫ్రాగో, రోజర్ గోర్, జేమ్స్ పెన్స్, జార్జ్ అలెన్. నలుగురిలో ఎవరికీ పాతికేళ్లు నిండలేదు. అక్కడి ఇంటర్‌స్టేట్ 5 రహదారి భాగానికి ఈ నలుగురి పేర్లూ కలిపి పెట్టేసరికి దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయి. అంత పొడవు పేరును ఎవరూ నోటితో పలకరు. అయినా ఒక్క పేరూ తగ్గించలేదు, అది నాకు నచ్చింది. బోర్డు కన్నా ఎంతో ముందే ఆ మరణాలు పోలీసు శిక్షణను మార్చాయి. అనుమానిత వాహనాన్ని ఆపే పద్ధతి, అదనపు బలగం కోసం ఆగడం, ఆయుధ శిక్షణ అన్నీ తిరగరాశారు. రివాల్వరులో తూటాలు ఒక్కొక్కటిగా కాక ఒకేసారి నింపే పరికరం వాడుకలోకి వచ్చింది.

పేరు పెట్టే అధికారం అన్నిచోట్లా రాష్ట్ర శాసనసభదే అనుకోకండి. అది ఆ కట్టడం ఎవరిదన్నదాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్ రాష్ట్రం హారిస్ కౌంటీలో సందీప్ సింగ్ ధాలివాల్ అనే సిక్కు డిప్యూటీ షెరిఫ్ ఉండేవాడు. తలపాగా, గడ్డంతో విధులు నిర్వహించడానికి 2015లో అనుమతి పొందినవాడు. 2019 సెప్టెంబరు 27న ఒక వాహనాన్ని ఆపి తనిఖీ చేసి వెనుదిరిగినప్పుడు హత్యకు గురయ్యాడు. హ్యూస్టన్‌లో ఆయన పేరు పెట్టిన టోల్ రోడ్డు కౌంటీది. కాబట్టి ఆ నిర్ణయం కౌంటీ కమిషనర్ల సభ తీసుకుంది. అదే నగరంలో ఒక తపాలా కార్యాలయానికీ ఆయన పేరే పెట్టారు. తపాలా కేంద్రానిది కనుక అమెరికా కాంగ్రెస్ బిల్లు ఆమోదించాలి, అధ్యక్షుడు సంతకం చేయాలి. ఒక్క మనిషి పేరే, రెండు దారులు.

మన దగ్గర విగ్రహం పెట్టే అలవాటు ఎక్కువ. 1999 సెప్టెంబరు 4న హైదరాబాద్ ఎస్‌.ఆర్‌. నగర్‌లో కాల్పులకు బలైన ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్ర విగ్రహం ఆ కూడలిలోనే ఉంది. ఎర్ర లైటు పడినప్పుడు అక్కడ ఆగినవాళ్లకు కనీసం ఒక నిమిషం దొరుకుతుంది. హైవే బోర్డుకు ఆ సౌకర్యం లేదు.

అభ్యాసం: మీ ఊళ్లో ఒక వ్యక్తి పేరున్న రోడ్డును గానీ కూడలిని గానీ ఎంచుకోండి. ఆ రోడ్డు పంచాయతీదా, పురపాలక సంఘానిదా, రాష్ట్రానిదా, జాతీయ రహదారా? పేరు తీర్మానం ద్వారా వచ్చిందా, ప్రభుత్వ ఉత్తర్వు ద్వారానా, వాడుక వల్లనేనా? సంబంధిత కార్యాలయంలో అడిగి, తీర్మానం దొరికితే అందులో ఆ వ్యక్తి గురించి ఏం రాశారో ఒక పేజీకి మించకుండా రాయండి.